ఇంటి టీవీకి ఏ స్టిక్ కొనాలి?



కేబులు తీగె, పైకప్పు మీద డిష్ గొడుగు లేకుండా, ఇంటర్‌నెట్ ద్వారానే సినిమాలూ సీరియళ్లూ టీవీలో చూసే పద్ధతి ఇప్పుడు చిన్న ఊళ్లకు కూడా వచ్చింది. అందుకోసం టీవీ వెనుక తగిలించే చిన్న పరికరాన్ని కొందరు స్టిక్ అంటారు, కొందరు బాక్స్ అంటారు. ఆకారం వేరైనా రెండూ చేసే పని ఒక్కటే. ఇంటర్‌నెట్‌లో వచ్చే బొమ్మనూ మాటనూ అందుకుని టీవీకి అందిస్తాయి. వీటిలో ఏది కొనాలి, అసలు కొనాలా వద్దా అనే విషయాన్ని ఈనాటి ప్రసంగంలో ముచ్చటించుకుందాం.

మన సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు ఇందులో ఒక ప్రత్యేకమైన అవసరం ఉంది. బళ్లారిలో, హోసూరులో, రాయగడలో, నాందేడులో ఉన్న ఇంట్లో పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుతారు. తెలుగు వినిపించేది ఇంట్లోనే. ఆ ఇంట్లో సాయంత్రం పూట టీవీ ఏ భాషలో మాట్లాడుతుందన్నది చిన్న విషయం కాదు. స్థానిక కేబులులో తెలుగు చానళ్లు రెండో మూడో ఉంటే, మనకు కావలసినది అందులో లేకపోవచ్చు. యానాం శ్రోతలకు ఈ చిక్కు అంతగా లేదు. వారి చుట్టూ ఉన్నవి కాకినాడ, కోనసీమ జిల్లాలే. మిగిలిన చోట్ల మాత్రం స్టిక్ కొనాలన్న ఆలోచన చాలావరకు తెలుగు కోసమే పుడుతోంది. కాబట్టి దేన్ని ఎంచినా ఒక్క ప్రశ్నతో తూచి చూడండి. మన ఇంటికి కావలసిన తెలుగు, మన ఇంట్లో యంత్రాల అలవాటు అందరికంటె తక్కువ ఉన్న మనిషికి, మనకున్న ఇంటర్‌నెట్‌తో అందుతుందా? అందితే అది మంచి స్టిక్. అందకపోతే ఎంత ఖరీదైనదైనా మనకు పనికిరానిదే.

ఆకాశం నుంచి తెలుగు బొమ్మ దిగిరావడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఒక అమెరికా ఉపగ్రహం సహాయంతో మన దేశంలో 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు ప్రసారం చేశారు. సైట్ అని పేరు పొందిన ఆ ప్రయోగంలో హిందీ, ఒడియా, కన్నడ భాషలతోపాటు తెలుగు కూడా ఉంది. కర్నూలు, మహబూబ్‌నగర్ పల్లెలు అందులో ఉన్నాయి, పక్కనే ఉన్న రాయచూరు పల్లెలూ ఉన్నాయి. అయితే ఆనాడు రాయచూరు వైపు ప్రసారమైనది కన్నడం. ఏ ప్రాంతానికి ఏ భాష అన్నది పంపేవారే నిర్ణయించారు. ఆ తరువాత కేబులు వచ్చినా ఆ నిర్ణయం కేబులు ఆపరేటరు చేతిలోకి మారింది, అంతే. ఇప్పుడు మొదటిసారిగా అది ఇంటివారి చేతికి వచ్చింది. చేతికి వచ్చినదాన్ని తెలివిగా వాడుకోవాలి కదా.

ముందుగా, ఎవరికి స్టిక్ అవసరం లేదో చూద్దాం.

మీరు కోరేది ఒకటి రెండు తెలుగు చానళ్లు మాత్రమే అయితే మీ కేబులు ఆపరేటరునో, డిష్ కంపెనీనో అడగండి. ట్రాయ్ సంస్థ 2019లో అమలులోకి తెచ్చిన నియమాల ప్రకారం, వారు ప్రసారం చేస్తున్న చానళ్లలో మీకు కావలసిన వాటిని విడివిడిగా ఎంచుకునే హక్కు మీకు ఉంది. కన్నడ ప్యాకేజీతోపాటు ఒక తెలుగు చానలును కలుపుకోవచ్చు. స్టిక్ ధరతో పోలిస్తే అది చిన్న ఖర్చు. నెలసరి రుసుమే వద్దనుకునేవారికి దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. ఒకసారి గొడుగు, పెట్టె కొనుక్కుంటే తరువాత చందా లేదు. హైదరాబాదు నుంచి వచ్చే డీడీ యాదగిరి, విజయవాడ నుంచి వచ్చే డీడీ సప్తగిరి అందులో దొరుకుతాయి. ఇంటర్‌నెట్ సరిగా లేని కొండప్రాంతాలకు, ముఖ్యంగా కొరాపుట్, రాయగడ లోపలి ఊళ్లకు, ఇదే ఎక్కువ నమ్మకమైన దారి.

మీది ఇప్పటికే స్మార్ట్ టీవీ అయి, అందులో మీకు కావలసిన యాప్‌లు బాగా నడుస్తుంటే అప్పుడు కూడా స్టిక్ అక్కరలేదు. కాని ఒక సంగతి గుర్తుంచుకోవాలి. టీవీ తెర పదేళ్లు పనిచేస్తుంది, దానిలోని సాఫ్ట్‌వేరు అంతకాలం పనిచేయదు. 2019 డిసెంబరులో కొన్ని పాత సామ్‌సంగ్ స్మార్ట్ టీవీలలో నెట్‌ఫ్లిక్స్ నిలిచిపోయింది. తెర బాగానే ఉంది, యాప్ మాత్రం రాలేదు. అలాంటప్పుడు టీవీ మార్చనక్కరలేదు. స్టిక్ తగిలిస్తే పాత టీవీకే కొత్త బుర్ర పెట్టినట్టు అవుతుంది. స్టిక్ వల్ల అసలైన లాభం ఇక్కడే.

ఇక కొనదలచుకున్నవారు దుకాణానికి వెళ్లకముందు ఇంట్లోనే రెండు పరీక్షలు చేయాలి.

మొదటి పరీక్ష టీవీ వెనుక. అక్కడ హెచ్‌డీఎంఐ అని రాసి ఉన్న బల్లపరుపు రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే సరే. పసుపు, ఎరుపు, తెలుపు రంగుల గుండ్రటి రంధ్రాలు మాత్రమే ఉంటే అది పాతకాలపు టీవీ. మధ్యలో మార్పిడి పెట్టె ఒకటి పెట్టి నడిపించవచ్చని దుకాణదారు అనవచ్చు. కొన్నిసార్లు నడుస్తుంది కూడా. అయితే సినిమాల యాప్‌లు నకలు తీయకుండా ఒక తాళం వేసి పంపుతాయి. మార్పిడి పెట్టె ఆ తాళాన్ని గుర్తించకపోతే తెర నల్లగా ఉండిపోతుంది. అలాంటి టీవీకి స్టిక్ కొనడం కంటె ఆ డబ్బును కొత్త టీవీకి కూడబెట్టుకోవడం మేలు.

అక్కడే ఇంకొక చిన్న విషయం. స్టిక్‌కు కరెంటు కావాలి. టీవీకి ఉన్న యూఎస్‌బీ రంధ్రంలో దాని తీగె పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ రంధ్రం చాలా టీవీలలో అర ఆంపియరు మాత్రమే ఇస్తుంది. చాలా స్టిక్‌లకు ఒక ఆంపియరు కావాలి. చాలనప్పుడు స్టిక్ మధ్యమధ్యలో దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతుంది. వస్తువు చెడిపోయిందని దుకాణం చుట్టూ తిరుగుతారు. డబ్బాలో వచ్చిన అడాప్టరును గోడ ప్లగ్గులోనే పెట్టండి.

రెండవ పరీక్ష ఇంటర్‌నెట్. ఇక్కడ కొంచెం లెక్క వేసుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ సంస్థ చెప్పే ప్రకారం మామూలు హెచ్‌డీ బొమ్మకు సెకనుకు 3 మెగాబిట్ల వేగం, పూర్తి హెచ్‌డీకి 5, 4కె బొమ్మకు 15 ఉండాలి. ఎంత డేటా ఖర్చవుతుందన్న దానికి కూడా వారి లెక్కే ఉంది. మధ్యరకం బొమ్మకు గంటకు 0.7 జీబీ దాకా, హెచ్‌డీకి 3 జీబీ దాకా, 4కెకు 7 జీబీ దాకా. మన తెలుగు సినిమా రెండున్నర గంటలు అనుకుందాం. మధ్యరకంలో చూస్తే పావు తక్కువ రెండు జీబీ. హెచ్‌డీలో ఏడున్నర జీబీ. 4కెలో పదిహేడున్నర జీబీ.

ఇప్పుడు మీ ఇంటి సంగతి చూసుకోండి. ఫోనుకు రోజుకు 2 జీబీ వచ్చే రీచార్జి వేయించి, ఆ ఫోను నుంచే హాట్‌స్పాట్ ద్వారా స్టిక్‌కు నెట్ ఇద్దామనుకుంటే, హెచ్‌డీలో సినిమా గంట కూడా నడవదు. విశ్రాంతి రాకముందే ఆగిపోతుంది. బొమ్మ నాణ్యతను మధ్యరకానికి తగ్గించి పెట్టుకుంటే రోజుకొక సినిమా గట్టెక్కుతుంది, ఇక ఆ రోజుకు ఫోనులో నెట్ మిగలదు. ఫైబర్ లైను ఉన్నవారికి ఈ బెంగ లేదు. చాలా ఫైబర్ ప్లాన్లలో నెలకు 3,300 జీబీ పరిమితి ఉంటుంది. నెలకు 720 గంటలు. రాత్రింబవళ్లు ఆపకుండా హెచ్‌డీలో చూసినా 2,160 జీబీ దాటదు. తీగె లేకుండా గాలిలో వచ్చే ఎయిర్ ఫైబర్ ప్లాన్లలో కొన్నింటికి పరిమితి 1,000 జీబీ. అదైనా రోజుకు పదకొండు గంటల హెచ్‌డీకి వస్తుంది. కాబట్టి ఫోను డేటా మీదే ఆధారపడిన ఇంట్లో ముందు ఆలోచించవలసినది లైను గురించి. స్టిక్ సంగతి తరువాత.

వై-ఫై పెట్టె ముందు గదిలో, టీవీ వెనుక గదిలో ఉంటే మధ్యలో గోడలు అడ్డువస్తాయి. వై-ఫైలో 2.4 అనీ 5 అనీ రెండు దారులు ఉంటాయి. 5 వేగంగా పోతుంది గాని గోడలు దాటలేదు. 2.4 నెమ్మదైనా గోడలు దాటుతుంది. మందమైన రాతిగోడల పాత ఇళ్లలో బొమ్మ తిరుగుతూ ఆగిపోతుంటే 2.4కు మార్చి చూడండి. కరెంటు పోయినప్పుడు టీవీకి ఇన్‌వర్టరు ఉన్నా వై-ఫై పెట్టెకు లేకపోతే బొమ్మ రాదు. దాన్ని కూడా ఇన్‌వర్టరు లైనులోనే పెట్టించండి.

ఇక అసలైన విషయానికి వద్దాం, తెలుగు. స్టిక్ ఒక ఖాళీ పళ్లెం లాంటిది. వడ్డించేవి యాప్‌లు. ఏ తెలుగు ఏ యాప్‌లో ఉందో తెలుసుకుని, ఆ యాప్ ఈ స్టిక్‌లో నడుస్తుందా అని అడగడం కొనుగోలుదారు మొదటి ధర్మం. స్టార్ మా కార్యక్రమాలు జియోహాట్‌స్టార్‌లో ఉంటాయి. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి ఆ పేరుతో ఒకటయ్యాయి. జీ తెలుగు కార్యక్రమాలు జీ5లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో చూడవచ్చు. 2020లో తెలుగుకే ప్రత్యేకంగా మొదలైన ఆహా 2022లో తమిళంలోకి కూడా అడుగుపెట్టింది. అంటే హోసూరులోనో కోవిల్‌పట్టిలోనో ఇంట్లో రెండు భాషలు మాట్లాడేవారికి ఒకే చోట రెండూ దొరుకుతాయి. ప్రసారభారతి 2024 నవంబరులో వేవ్స్ అనే యాప్‌ను ప్రారంభించింది. దూరదర్శన్, ఆకాశవాణి కార్యక్రమాలు అందులో ఉన్నాయి. యూట్యూబులో ప్రకటనలతో ఉచితంగా చూడగలిగే పాత తెలుగు సినిమాలు చాలా ఉన్నాయి.

సినిమా పేరు ఒక యాప్‌లో కనిపించగానే అది తెలుగులోనే ఉంటుందని అనుకోకండి. ఆర్ఆర్ఆర్ సినిమా 2022 మే 20న ఇంటి తెరల మీదకు వచ్చినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినది హిందీ. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ రూపాలు జీ5లో వచ్చాయి. తెలుగు సినిమాయే కదా అని నెట్‌ఫ్లిక్స్ చందా కట్టినవారికి దొరికినది హిందీ మాటలు. కాబట్టి చందా కట్టేముందు ఫోనులో ఆ యాప్ తెరిచి, సినిమా వివరాలలో ఆడియో భాషల వరుసలో తెలుగు ఉందో లేదో చూడండి. ఉన్నప్పుడు కూడా మీ ఊరిని బట్టి యాప్ మొదట కన్నడమో మరాఠీయో చూపించవచ్చు. చూస్తుండగానే భాషను మార్చుకునే వీలుంటుంది. అది ఎక్కడుందో ఇంట్లో పెద్దవారికి ఒకసారి చూపించండి. పిల్లలకు మాట తెలుగులో వినిపిస్తూ కింద బడి భాషలోనో ఇంగ్లీషులోనో అక్షరాలు వచ్చేలా పెట్టుకోవచ్చు. అర్థం కాని తెలుగు మాట వచ్చినప్పుడు కింద చదివి తెలుసుకుంటారు. షోలాపూరు, భివండీ వంటి చోట్ల తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలకు ఇది ఎంతో ఉపకారం.

ఇప్పుడు పరికరాల సంగతి. మన మార్కెట్టులో మూడు రకాలు కనిపిస్తాయి.

ఒకటి, అమెజాన్ వారి ఫైర్ టీవీ స్టిక్. 2017లో మన దేశానికి వచ్చింది. రెండవది, గూగుల్ వారి ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ సాఫ్ట్‌వేరుతో నడిచేవి. షావొమీ స్టిక్‌లూ బాక్సులూ ఈ జాతివే. మూడవది, ఇంటర్‌నెట్ లేదా డిష్ కంపెనీలు తమ లైనుతోపాటు ఇచ్చే పెట్టెలు. ఫైబర్ వేయించుకున్నప్పుడు ఇలాంటి పెట్టె మీకు ఇప్పటికే వచ్చి అటక మీద ఉందేమో ముందు వెతకండి. ఉంటే దానినే వాడి చూసి, చాలకపోతేనే కొత్తది కొనండి. వీటికి పైన ఆపిల్ టీవీ అని ఒకటుంది. 2022లో వచ్చిన దాని ధర 14,900 రూపాయల దగ్గర మొదలైంది. ఇంట్లో అందరూ ఆపిల్ ఫోనులే వాడుతుంటే తప్ప మన ఇళ్లకు అంత ఖర్చు అవసరం లేదు. గూగుల్ వారి క్రోమ్‌కాస్ట్ 2013లో మొదలై ఎంతో పేరు తెచ్చుకున్నా, 2024 ఆగస్టులో దాని తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు. పాత సరుకు చవకగా దొరికినా ఆలోచించి కొనండి.

మొదటి రెండు రకాలలో మన యాప్‌లు చాలావరకు నడుస్తాయి. అయితే అన్నీ అన్నింట్లో ఉంటాయని కాదు. మీకు ముఖ్యమైన రెండు యాప్‌ల పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లి, దుకాణంలో ఆ స్టిక్‌లో తెరిచి చూపించమనండి. 32 అంగుళాల టీవీ చాలావరకు హెచ్‌డీ రెడీ తెర. దానికి 4కె స్టిక్ తగిలించినా బొమ్మ మెరుగుపడదు. కాకపోతే చాలా 4కె రకాలలో జ్ఞాపకశక్తి, అంటే ర్యామ్, ఎక్కువగా ఉంటుంది. ఒక జీబీ ర్యామ్ ఉన్నది ఏడాది రెండేళ్లకు మందగిస్తుంది. రెండు జీబీ ఉన్నది ఎక్కువకాలం చురుకుగా ఉంటుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటే రెండు జీబీదే తీసుకోండి.

రిమోటును చేతిలోకి తీసుకుని చూడండి. బొత్తాలు తక్కువగా, పెద్దవిగా, టీవీ శబ్దం పెంచి తగ్గించే వీలుతో ఉంటే పెద్దవారికి ఒక్క రిమోటుతో సరిపోతుంది. మైకు బొత్తాం నొక్కి తెలుగు సినిమా పేరు ఒకటి చెప్పి చూడండి. అమ్మమ్మ గారి ఉచ్చారణను ఆ యంత్రం అర్థం చేసుకుంటుందో లేదో దుకాణంలోనే తేలిపోతుంది. వీలైతే ఆవిడనే వెంట తీసుకువెళ్లండి.

ఇక ఒక హెచ్చరిక. సంతల్లోనూ ఆన్‌లైనులోనూ పేరు తెలియని పెట్టెలు చవకగా అమ్ముతున్నారు. అన్ని చానళ్లూ, కొత్త సినిమాలూ జీవితాంతం ఉచితం అని చెబుతారు. వీటికి గూగుల్ ధ్రువీకరణ ఉండదు. మొదటి నష్టం బొమ్మది. సినిమాల యాప్‌లు ధ్రువీకరణ లేని పరికరానికి హెచ్‌డీ బొమ్మ ఇవ్వవు. తెర మీద మసకగానే వస్తుంది. రెండవ నష్టం పెద్దది. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇలాంటి పెట్టెల గురించి ప్రజలను హెచ్చరించింది. కొన్నింటిలో తయారీ సమయంలోనే దొంగ సాఫ్ట్‌వేరు చొప్పించి పంపుతున్నారు. కొన్నింటిలో, మొదట పెట్టేటప్పుడు వేయించే యాప్‌ల ద్వారా అది చేరుతోంది. మీ ఇంటి ఇంటర్‌నెట్ లైనును మీకు తెలియకుండా నేరగాళ్లు వాడుకుంటారు. ఆ మరుసటి నెల గూగుల్ వేసిన దావాలో ఇలా పాడైన పరికరాలు కోటికి పైగా ఉన్నాయని పేర్కొంది. అదే వై-ఫై మీద మీరు ఫోనులో బ్యాంకు లావాదేవీలు చేస్తున్నారన్న సంగతి మరువకండి. వెయ్యి రూపాయలు మిగులుతాయని ఇంటి తలుపు తీసి పెట్టుకోవద్దు.

ఆఖరుగా చందాల సంగతి. స్టిక్ ధర ఒకసారి కట్టేది. చందాలు ప్రతినెలా కట్టేవి. నాలుగైదు యాప్‌లకు ఒకేసారి కట్టి ఏదీ సరిగా చూడని ఇళ్లు ఉన్నాయి. ఈ నెల ఒకటి, వచ్చే నెల మరొకటి అని మార్చుకుంటే ఖర్చు తగ్గుతుంది. మీ ఫోను లేదా ఫైబర్ ప్లానుతోనే కొన్ని యాప్‌లు వస్తాయేమో ముందు కనుక్కోండి. చందా కట్టేటప్పుడు ప్రతినెలా డబ్బు దానంతట అదే తీసుకునే ఏర్పాటు జరిగిపోతుంది. అలా తీసుకునేముందు 24 గంటలకు తక్కువ కాకుండా మీకు సందేశం పంపాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. ఆ సందేశం ఇంగ్లీషులో వస్తుంది కనుక చాలామంది చదవకుండా వదిలేస్తారు. చదవండి, అవసరం లేకపోతే అప్పుడే రద్దు చేయండి. పిల్లలు రిమోటుతో కొనుగోళ్లు చేయకుండా నాలుగంకెల రహస్య సంఖ్య పెట్టండి. పిల్లలకు వేరే ప్రొఫైలు తెరిచి వయసుకు తగినవే కనిపించేలా చేయండి.

స్టిక్ తగిలించిన రోజున ఇంకొక్క పని మిగులుతుంది. మొదటి తెర మీద కనిపించే యాప్‌ల వరుసను మీకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఇంట్లో పెద్దవారు చూసే తెలుగు యాప్‌ను అన్నిటికంటె ముందు పెట్టండి. రిమోటు నొక్కగానే వారి వేలికి అది తగలాలి. కొడుకూ కోడలూ పనికి వెళ్లినప్పుడు మధ్యాహ్నం ఒంటరిగా ఉన్న ముసలమ్మ ఎవరినీ పిలవకుండా తన తెలుగు తాను చూసుకోగలిగితే మీరు పెట్టిన డబ్బుకు విలువ దక్కినట్టే. మనవడు బడి నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంటే వాడి చెవిన కూడా నాలుగు తెలుగు మాటలు పడతాయి.